క్రీడావీరుడు, న్యాయవాది విలియం హెన్రీ లూయిస్

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగపాఠము)



గ్రంథాలయ సభలో ఒక బంతియాటగాని చరిత్రమును ముచ్చటించుట కొందరికి వింతగా తోచవచ్చును. ఆట మైదానమునకు చెందినదనియు, గ్రంథము బీరువాకు చెందినదనియు, ఒకదానియందు ప్రీతి గలవాడు రెండవదానికి దూరమగుననియు మన గ్రామములలో ఒక తలంపు కలదు. పిల్లవాడు ఆటలో పడినాడనిన, చదువు చెడినాడనియే పెద్దల భావము. ఈ తలంపును తన జీవితముచేతనే ఖండించినవాడొకడు అమెరికా సంయుక్త రాష్ట్రములలో నుండెను. బానిసలుగా బ్రతికిన తల్లిదండ్రులకు పుట్టి, తనకంటె బరువైన మల్లులతో మైదానమున తలపడి, ఆ యాటకు శాస్త్రగ్రంథము రచించి, పండ్రెండేండ్లు శిక్షకుడుగా నుండి, తుదకు ఆ దేశపు న్యాయశాఖలో ఉన్నతోద్యోగి యయ్యెను. ఆయన పేరు విలియం హెన్రీ లూయిస్. బలమునకు హద్దు అవసరమని మైదానమున నేర్చిన పాఠమునే ఆయన వీధిలోను, శాసనసభ యెదుటను, న్యాయవాదుల సంఘములోను తిరిగి తిరిగి చెప్పెను. ఈ ప్రసంగమునకు విషయమదియే.

అమెరికాలో బానిసత్వమును రూపుమాపిన అంతర్యుద్ధము 1865లో ముగిసినది. ఆ తరువాత మూడేండ్లకు, 1868 నవంబరు 28వ తేదీన, వర్జీనియా రాష్ట్రమందలి బర్‌క్లీ అను ఊర లూయిస్ జన్మించెను. ఆ యూరు తరువాతి కాలమున నార్ఫోక్ నగరములో కలిసిపోయినది. తల్లిదండ్రు లిరువురును బానిసత్వమునుండి విముక్తులైనవారు. మనుష్యుడు పశువువలె, పనిముట్టువలె వెలకట్టబడి, యజమాని యాస్తి పట్టికలో వ్రాయబడిన దేశమది. ఆ వర్జీనియాలోనే నల్లజాతివారిని ఒకచోట చేర్చి చదువ వ్రాయ నేర్పుటను నిషేధించుచు 1831లో శాసనము చేయబడినది. అక్షరము వచ్చినవానికి సంకెల నిలువదని యజమానులెరుగుదురు. కావున లూయిస్ కుటుంబమునకు చదువనునది కేవలము జీవనోపాధి మార్గము కాదు. నిన్నటివరకు నేరముగా నుండి నేడు చేతికి వచ్చిన హక్కు. తండ్రి క్రైస్తవ మతబోధకుడయ్యెను. కుమారుని చదువు మాన్పింపలేదు.

పదునైదేండ్ల ప్రాయమున లూయిస్ పీటర్స్‌బర్గు పట్టణమున నల్లజాతి విద్యార్థులకై స్థాపింపబడిన కళాశాలలో చేరెను. ఆ కళాశాలకు అధ్యక్షత వహించిన జాన్ మెర్సర్ లాంగ్‌స్టన్ తానును బానిసత్వమునుండి విముక్తి పొందిన తల్లికి పుట్టి న్యాయవాది యైనవాడు. అట్టివాని ప్రోత్సాహము లభించుట లూయిస్ అదృష్టము. 1888లో ఆయన ఉత్తరాదిన మాసచూసెట్స్ రాష్ట్రమందలి ఆంహర్‌స్ట్ కళాశాలలో ప్రవేశించెను. అచ్చట విద్యార్థులలో మిక్కిలి పెద్దభాగము తెల్లవారు. పనిచేసి కొంత సంపాదించుకొనుచు, చదువుచు, ఆడుచు నాలుగేండ్లు గడపెను.

ఇచ్చట ఆ యాటను గూర్చి నాలుగు మాటలు చెప్పుట అవసరము. మన పాఠశాలలలో కాలితో తన్ని యాడు ఫుట్‌బాలు వేరు. అమెరికా కళాశాలల ఫుట్‌బాలు వేరు. అందు బంతి గుండ్రముగా నుండక కోలగా, రెండు కొనలయందు సన్నగా నుండును. దానిని చంకనిడుకొని పరుగెత్తి, ఎదిరిపక్షమువారి హద్దు దాటించుటయే ఆట. పక్షమునకు 11 మంది. ఆ కాలమున మైదానము పొడవు 110 గజములు. బంతి గలవారు మూడు ప్రయత్నములలో 5 గజములు ముందుకు సాగవలెను. సాగలేనిచో బంతి ఎదిరివారి పాలగును. బంతిని ముందుకు విసరుటకు అనుమతి లేదు. కావున ఆ 5 గజములకొరకు పంక్తిపై పంక్తి పడి త్రోసికొనుటయే ఆటలో ముఖ్యభాగమయ్యెను. చెడుగుడులో కూతకు వచ్చినవానిని పట్టుకొనుట చూచినవారికి ఆ పెనుగులాట కొంతవరకు ఊహకందును. అయితే చెడుగుడులో పలువురు కూడి ఒక్కని పట్టుదురు. ఇందు ఒక సేనపై మరియొక సేన విరుచుకొని పడును. తలకు కాపుగా శిరస్త్రాణము ధరింపవలెనను నియమమైనను ఆనాడు లేదు.

పంక్తి నడుమ నిలిచి, బంతిని వెనుకనున్నవాని కందించి, ఆట నారంభించువానిని సెంటర్ అందురు. అందించిన మరుక్షణమే ఎదిరిపంక్తి బరువు అతనిపై పడును. లూయిస్ నిలిచిన స్థానమదియే. ఆయన శరీరము భారీది కాదు. బరువు సుమారు 175 పౌనులు. ఆ స్థానమున నిలుచువారిలో అది తక్కువయే. బరువు చాలని చోట ఆయన త్వరితమును, అంతకుమించి ముందుచూపును వినియోగించెను. ఎదుటివాని పాదములు ఎటు తిరిగినవో, భుజము ఎటు వంగినదో చూచి, రానున్న త్రోపును ముందే గ్రహించుట ఆయన పద్ధతి.

మహాభారతమున ఆదిపర్వమందు కుమారుల అస్త్రవిద్యాప్రదర్శన ఘట్టమును ఈ సభలోనివారందరు ఎరుగుదురు. అర్జునునితో సమానముగా విద్య చూపిన కర్ణుని కృపాచార్యుడు కులమేదని, తల్లిదండ్రు లెవరని ప్రశ్నించెను. అంతవరకు తలయెత్తి నిలిచిన వీరుడు తల వంచెను. దుర్యోధనుడు అంగరాజ్యమిచ్చి ఆ క్షణమున కర్ణుని కాపాడెను గాని, ఆ ప్రశ్న మాత్రము కర్ణుని జీవితాంతము వెంటాడెను. లూయిస్‌కు రాజ్యమిచ్చు రాజెవ్వడును లేడు. ఆంహర్‌స్ట్‌లో తోడి ఆటగాండ్రే 1891 సంవత్సరపు జట్టునకు ఆయనను నాయకునిగా ఎన్నుకొనిరి. తెల్లవారు అధికముగా గల కళాశాల జట్టుకు నల్లజాతివాడు నాయకుడగుట అప్పటి కపూర్వము. ఆ జట్టులో విలియం టికంసె షెర్మన్ జాక్సన్ అను మరియొక నల్లజాతి యువకుడును ఆడుచుండెను. 1892లో పట్టము పుచ్చుకొనునపుడు తరగతి పక్షమున ఉపన్యసించు గౌరవమును లూయిస్‌కే లభించినది. ఆట వలన చదువు చెడలేదు. చదువు వలన ఆటయు కుంటుపడలేదు.

పిమ్మట ఆయన హార్వర్డు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర తరగతిలో చేరెను. న్యాయవిద్యార్థులును విశ్వవిద్యాలయపు జట్టులో ఆడుటకు ఆనాటి నియమములు అనుమతించుచుండెను. 1892, 1893 సంవత్సరములలో ఆయన హార్వర్డు జట్టునకు సెంటర్‌గా నిలిచెను. 1892 నవంబరు 19వ తేదీన స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున యేల్ జట్టుతో జరిగిన ఆటలో హార్వర్డువారు ఒక నూతన వ్యూహమును పన్నిరి. దానిని కల్పించిన లోరిన్ డీలాండ్ ఎన్నడును ఫుట్‌బాలు ఆడినవాడు కాడు. చదరంగమున ప్రజ్ఞ గలవాడు, నెపోలియన్ యుద్ధచరిత్రములు చదివినవాడు. ఆటగాండ్రు రెండు గుంపులుగా దూరమునుండి పరుగెత్తి వచ్చి, బాణపుమొనవలె ఒక్కటియై, బంతి గలవానిని నడుమ నుంచుకొని ఎదిరివారిపై పడుట ఆ వ్యూహము. ఆనాడు హార్వర్డు 6-0తో ఓడినను, ఆ వ్యూహము దేశమంతట ప్రాకినది. దానివలన కలిగిన గాయములు మితిమీరుటచే 1894లోనే అది నిషేధింపబడినది. బుద్ధి పన్నిన వ్యూహమునకైనను హద్దు లేనిచో అది ప్రాణాంతకమగుననుటకు ఇదియొక నిదర్శనము.

ఆ రెండు సంవత్సరములును దేశమందలి కళాశాల ఆటగాండ్రలో ఉత్తములైన 11 మందిని ఏర్చి ప్రకటించు పట్టికలో లూయిస్ పేరు చేరినది. ఆ గౌరవమందిన నల్లజాతివారిలో ఆయనయే ప్రథముడు. 1893 నవంబరులో ఆయన ఆడిన కడపటి ఆటనాడు జట్టు నాయకుడు గాయపడి ఆడలేకపోగా, ఆ దినమునకు నాయకత్వమును తోడివారు లూయిస్‌కే అప్పగించిరి.

ఆ సంవత్సరముననే జరిగిన మరియొక సంగతి గమనింపదగినది. హార్వర్డు విశ్వవిద్యాలయమున్న కేంబ్రిడ్జి పట్టణములో లూయిస్ ఒక క్షౌరశాలకు పోగా, నల్లవానికి క్షౌరము చేయమని నిరాకరించిరి. వేలకొలది జనులు ఎవని యాటను చూచి కరతాళధ్వనులు చేసిరో, అతనికి ఆ పట్టణమున ఒక కుర్చీ దొరకలేదు. బలిష్ఠుడైన యువకుడు అట్టి సమయమున చేయి చేసికొనుట సులభము. లూయిస్ చేయి చేసికొనలేదు, మౌనముగా ఇంటికి పోయి ఊరకుండనులేదు. మాసచూసెట్స్‌లో బహిరంగ స్థలములయందు జాతిభేదమును నిషేధించుచు 1865లోనే శాసనము పుట్టియున్నది. అందు క్షౌరశాలల ప్రసక్తి లేదు. ఆ లోపమును చూపి, శాసనమును సవరింపుడని ఆయన శాసనసభకు విన్నవించుకొనెను. 1893లో శాసనము సవరింపబడి, క్షౌరశాలలును అందు చేర్చబడినవి. తనకు జరిగిన అవమానమునకు ప్రతీకారముగా ఒక మనిషిని కొట్టియున్నచో ఆ కథ ఆనాటితో ముగిసెడిది. శాసనమున ఒక మాట చేర్పించుట వలన, తరువాత వచ్చిన ప్రతి మనిషికిని ఆ కుర్చీ హక్కయినది.

1895లో న్యాయశాస్త్ర పట్టము పొందిన పిదప లూయిస్ న్యాయవాదవృత్తి నారంభించెను. ఆ సంవత్సరమే హార్వర్డువారు ఆయనను జట్టు శిక్షకులలో ఒకనిగా నియమించుకొనిరి. 1895 మొదలు 1906 వరకు పండ్రెండేండ్లు ఆయన ఆ పని నిర్వహించెను. ప్రధాన శిక్షకులు మారుచుండిరి. పంక్తిని నిలుపుట, ఎదిరివారి దాడిని ఆపుట నేర్పు భారము మాత్రము లూయిస్‌ది. ఆ కాలమున 1898లో హార్వర్డు ఆడిన 11 ఆటలలోను, 1901లో ఆడిన 12 ఆటలలోను గెలిచినది. తెల్ల విద్యార్థులకు నల్లజాతి గురువు ఆజ్ఞాపించుట, వారు శిరసావహించుట ఆనాటి అమెరికాలో సామాన్యమైన విషయము కాదు. 1896లో ఆయన ఎలిజబెత్ బేకర్ అను విద్యావతిని వివాహమాడెను. వారికి ముగ్గురు సంతానము.

ఆ 1896లోనే ఆయన రచించిన గ్రంథము న్యూయార్కులోని హార్పర్ సోదరుల సంస్థచే ప్రచురింపబడినది. దాని పేరు ‘ఎ ప్రైమర్ ఆఫ్ కాలేజ్ ఫుట్‌బాల్’. ప్రైమర్ అనగా మన బాలశిక్ష. పేరునకు తగినట్లు, బంతిని పట్టుట, పట్టినవానిని నిలువరించుట మొదలగు ప్రాథమిక పాఠములు, ఏ స్థానమున నిలుచువాడు ఏమి చేయవలెనో, జట్టంతయు ఒక్కటిగా కదలుట ఎట్లో అందు బోధింపబడినది. ఏ రాష్ట్రమున ఆయన తండ్రి తరమువారికి అక్షరము చెప్పుట నేరమో, ఆ రాష్ట్రమున పుట్టినవాడు దేశమందలి యువకులకు బాలశిక్ష వ్రాసెను. తన బలము తనతో అంతరింపకుండ, చూడని ఊరి పిల్లవానికి సైతము అందునట్లు అక్షరరూపమున నిలిపెను. గ్రంథమునకు గల ప్రయోజనము ఇంతకంటె వేరుగ లేదు.

1905 నాటికి ఆ యాట ప్రమాదము పరాకాష్ఠ నందుకొనినది. ఆ ఒక్క సంవత్సరమున 18 మంది వరకు ఆటలో మరణించిరని పత్రికలు లెక్కగట్టినవి. కొన్ని విద్యాలయములు ఆటను మాన్పించినవి. దేశాధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్టు తాను హార్వర్డు విద్యార్థియే. ఆ అక్టోబరులో హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్ జట్లవారిని తన భవనమునకు పిలిపించి, ఆటను సంస్కరింపుడని హెచ్చరించెను. 1906లో నియమములు మార్చబడినవి. మూడు ప్రయత్నములలో సాగవలసిన దూరము 5 గజములనుండి 10 గజములకు పెంచబడినది. బంతిని ముందుకు విసరుటకు అనుమతి వచ్చినది. వానితోపాటు, ఆట ఆరంభమగు ముందు రెండు పంక్తులకు నడుమ బంతి పొడవంత చోటు ఖాళీగా విడువవలెననియు, బంతి కదలువరకు అందులోనికి ఎవ్వరును చొరబడరాదనియు నియమమేర్పడినది. ఈ చివరి సూచన లూయిస్‌దని ప్రసిద్ధి.

ఆ సూచన చూచుటకు అల్పము. అయితే భూమి వ్యవహారము తెలిసినవారికి దాని విలువ వెంటనే బోధపడును. ఇద్దరి చేలకు నడుమ గట్టు ఉన్నంతకాలము ఇద్దరును తమ తమ చేనులో దున్నుకొందురు. గట్టు చెరిగిననాడు నాగటి సాలు ఎంతవరకను ప్రశ్న పుట్టును. పిదప కర్రలు లేచును. అంతకుముందు ఆ యాటలో గట్టు లేదు. పంక్తులు రెండును ముక్కునకు ముక్కు తాకునట్లు నిలిచి, ఆట మొదలు కాకముందే గ్రుద్దుకొనుచుండిరి. నడుమ జానెడు చోటు ఎవ్వరిదియు కాకుండ చేయుటచే తగవులకు మూలము కొంత తెగినది. ఏండ్ల తరబడి ఆ యిరుకులోనే దెబ్బలు తిన్నవానికి గాక ఈ ఉపాయము ఇంకెవ్వరికి తోచును?

ఇంతలో ఆయన ప్రజాజీవితమును పెంపొందినది. 1899 మొదలు మూడేండ్లు కేంబ్రిడ్జి పురపాలక సభలో సభ్యుడుగా నుండెను. 1902లో మాసచూసెట్స్ శాసనసభలో ఒక పర్యాయము కూర్చుండెను. 1903లో రూజ్‌వెల్టు ఆయనను బోస్టనులో కేంద్రప్రభుత్వ సహాయ న్యాయవాదిగా నియమించెను. నల్లజాతివారిలో ఆ పదవి పొందినవారిలో ఆయనయే మొదటివాడు. ఆయనకు విమర్శకులు లేకపోలేదు. మొదట నల్లజాతి నాయకుడగు బూకర్ టి. వాషింగ్టన్ మార్గము మెత్తనిదని బహిరంగముగా విమర్శించిన లూయిస్, తరువాత ఆయన పక్షము వహించెను. పదవికొరకు మారెనని పూర్వమిత్రులు నిందించిరి. మహనీయుల చరిత్రము చెప్పునపుడు ఇట్టి సంగతులు దాచుట పాఠకులకు ఉపకారము కాదు.

1910లో అధ్యక్షుడు విలియం హోవర్డ్ టాఫ్ట్ ఆయనను దేశపు సహాయ అటార్నీ జనరల్‌గా నియమింపదలచినట్లు ప్రకటించెను. దక్షిణాది సభ్యుల ప్రతిఘటన నధిగమించి, 1911 జూన్ నెలలో సెనేటు ఆమోదము లభించినది. అంతవరకు నల్లజాతివారిలో ఎవ్వరికిని కేంద్రప్రభుత్వ కార్యనిర్వాహకశాఖలో అంతటి ఉన్నత నియామకము కలుగలేదు.

ఆ సంవత్సరమే అమెరికన్ బార్ అసోసియేషన్ అను న్యాయవాదుల మహాసంఘము ఆయనను సభ్యునిగా చేర్చుకొనినది. ఆయన నల్లజాతివాడని తెలిసిన పిమ్మట, 1912 జనవరిలో, సంఘపు కార్యవర్గము ఆ చేర్పును రద్దు చేయ నిశ్చయించెను. ఆయనతోపాటు మరి ఇరువురు నల్లజాతి న్యాయవాదులకును అదే గతి పట్టినది. దేశపు న్యాయశాఖలో అధికారియైనవానికి న్యాయవాదుల సంఘమున చోటు లేదట! తానై రాజీనామా ఇచ్చి మర్యాద కాపాడుకొమ్మని సలహాలు వచ్చినవి. లూయిస్ ఇయ్యనని నిరాకరించెను. అప్పటి అటార్నీ జనరల్ జార్జి వికర్‌షాం తన సహాయుని పక్షము వహించి, సంఘపు 4,700 మంది సభ్యులకును లేఖలు పంపెను. ఆ సంవత్సరపు మహాసభలో లూయిస్ సభ్యత్వము నిలిచినది.

కాని దానితోపాటు ఒక తీర్మానమును జరిగినది. ఇకమీదట సభ్యత్వము కోరు ప్రతివాడును తన జాతిని దరఖాస్తులో తెలుపవలెను. అనగా దరఖాస్తులో ఒక గడి అదనముగా చేరినది. కృపాచార్యుడు రంగస్థలమున నోటితో అడిగిన ప్రశ్నను ఈ సంఘమువారు కాగితముపై అచ్చువేయించిరి. లోపలనున్నవాడు నిలిచెను, వెనుక వచ్చువారికి తలుపు మూతపడినది. ఆ సంఘము జాతిభేదమును విడుచుచు తీర్మానించుటకు 1943 వరకు పట్టినది. దానిని చూచుటకు లూయిస్ జీవించియుండెను.

1913లో ప్రభుత్వము మారగా ఆయన పదవి విడిచి, బోస్టనులో స్వతంత్ర న్యాయవాదిగా మూడు దశాబ్దములకు పైగా పనిచేసెను. దేశపు సుప్రీంకోర్టులో సైతము వాదించెను. ఆయన కుమారుడును న్యాయవాది యయ్యెను. 1949 జనవరి 1వ తేదీన, 80 సంవత్సరముల వయస్సున, బోస్టనులో లూయిస్ కాలధర్మము చెందెను. అరువదేండ్ల తరువాత, 2009లో, కళాశాల ఫుట్‌బాలు వీరుల కీర్తిమందిరములో ఆయన పేరు చేర్చబడినది. ఆలస్యమైనను లెక్క సరిపడినది.

సోదరులారా! ఈ చరిత్రమునందు ముమ్మారు ఒకే పద్ధతి కనబడుచున్నది. మైదానమున దెబ్బలు తిన్నవాడు నియమము కోరెను. క్షౌరశాలలో అవమానింపబడినవాడు శాసనము కోరెను. సంఘమునుండి గెంటబడినవాడు సంఘపు నియమములను చూపియే నిలిచెను. మొదటి రెంటిలో ఆయన గెలుపు అందరి గెలుపైనది. మూడవదానిలో ఆయన ఒక్కడు గెలిచెను. తక్కినవారికి ముప్పదియొక్క ఏండ్లు పట్టినది. ఒక వ్యక్తి ఎంత గొప్పవాడైనను, వ్రాతలో నున్న నియమము చెడ్డదైనచో అతని గొప్పతనము అతనివరకే పరిమితమగునని ఈ మూడవ సంగతి చెప్పుచున్నది.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము తలుపు తెరచియున్నది. ఇందలి చందాదారుల పుస్తకమున పేరు, ఊరు, తీసికొనిన గ్రంథము, తీసికొనిన తేది, తిరిగి ఇచ్చిన తేది అను ఐదు గడులు చాలును. ఆరవ గడి యెన్నడును అవసరము పడకుండ చూచుకొనుట రాబోవు ఇరువదియైదేండ్లలో కార్యవర్గమువారి మొదటి విధి. వారు మరచిన యెడల జ్ఞాపకము చేయుట పాఠకుల విధి. సాయంకాలము మైదానమున చెడుగుడాడిన పిల్లవాడు, కాళ్లు కడుగుకొని వచ్చి ఇచ్చట పుస్తకమడిగినచో, ఎవరి పిల్లవాడవని ప్రశ్నింపక, ఏ పుస్తకము కావలెనని మాత్రమే ప్రశ్నింతుము గాక.

స్వస్తి.